బయటి తలుపుకి ఏది వేయాలి? ఆయిల్ పెయింటా, వాటర్ ఎనామిలా, పాలిషా, నూనెనా: ఒంగోలు, నెల్లూరు ఎండావానలకి తగిన ఎంపిక

కొత్తపట్నంలో మా అమ్మవాళ్ళ వీధి తలుపు కార్తీక మాసం వచ్చిందంటే గడపని పట్టేసేది. లోపలికి వెళ్ళాలంటే భుజంతో నెట్టాలి. ప్రతి ఏడూ వడ్రంగి వచ్చి కింద చిత్రిక పట్టి పోయేవాడు. మాఘంలో చూస్తే తలుపు కింద వేలు దూరేంత సందు. మళ్ళీ కార్తీకానికి అదే గొడవ. ఒకసారి నాకెందుకో అనుమానం వచ్చి చేతి అద్దం తెచ్చి తలుపు కింద పెట్టి చూశాను. ముందు వైపు మూడు కోట్ల రంగు నిగనిగలాడుతోంది. కింది అంచు మాత్రం పచ్చి చెక్క. నల్లబడి, మెత్తబడి, గోరు గుచ్చితే దిగిపోతోంది. ఎన్నేళ్ళుగా రంగులు వేయిస్తున్నామో, ఆ అంచుకి ఒక్కసారి కూడా బ్రష్ తగల్లేదు. మొదట్లో ఎప్పుడైనా కాస్త తగిలినా అది చిత్రికలో పోయి ఉంటుంది.

అప్పటినుంచి మా ఇళ్ళలో తలుపుల పని నేనే దగ్గరుండి చేయిస్తున్నాను. కొత్తపట్నంలో అమ్మవాళ్ళిల్లు, ఒంగోల్లో మా ఇల్లు, దర్శిలో అత్తగారిల్లు, నెల్లూరులో చెల్లెలి ఇల్లు. నాలుగు ఊళ్ళు, నాలుగు రకాల తలుపులు. ఎవరైనా ఫోన్ చేసి "తలుపుకి ఏ రంగు మంచిదే?" అంటే ఒక్క మాటలో చెప్పలేకపోతున్నాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. మన ప్రాంతంలో బయటి తలుపు మీద ఏ పూతా శాశ్వతం కాదు. ఎక్కువ కాలం మెరిసేది ఏది అని కాకుండా, పాడైనప్పుడు తేలిగ్గా బాగుచేసుకోగలిగింది ఏది అని అడగండి. ఈ ప్రశ్న వేసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

డబ్బా కొనేముందు తలుపుని చూడండి

తీరంలో ఉన్న ఇంటికి, మెట్టలో ఉన్న ఇంటికి ఒకే సలహా పనికిరాదు. కొత్తపట్నం, మైపాడు లాంటి చోట్ల గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు తలుపు మీద పేరుకుని గాలిలోని తేమని లాక్కుంటుంది. బందులు, స్క్రూలు తుప్పు పడతాయి, ఆ తుప్పు చుట్టూ రంగు ఉబ్బుతుంది. దర్శి వైపు ఉప్పు లేదు, తేమా తక్కువే. అక్కడ శత్రువు ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఇక తలుపు చెక్క ఎంత? ఎండి కుంచించుకుపోయి కీళ్ళ దగ్గర నెర్రెలిస్తుంది.

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడుతుంది. అంటే తలుపు ఎనిమిది తొమ్మిది నెలలు ఎండి, మూడు నెలలు నానుతుంది. చెక్క ఉబ్బుతుంది, తగ్గుతుంది. దానితోపాటు సాగలేని పూత పగిలిపోతుంది. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ తీరమంతా ఎలా తడిసిందో అందరికీ తెలుసు. అలాంటి వాన తలుపుకి ఎదురుగా కాదు, పక్కనుంచి, కిందనుంచి కొడుతుంది. చెల్లెలి తలుపు మీద మరకలన్నీ కింది అడుగున్నరలోనే ఉన్నాయి.

తలుపు ఏ దిక్కుకి ఉంది, పైన సజ్జ ఎంత ముందుకు వచ్చింది, ముందు వసారా ఉందా లేదా అన్నవి చూడండి. నాలుగడుగుల వసారా ఉన్న తూర్పు తలుపుకి ఏది వేసినా కొన్నేళ్ళు ఉంటుంది. సజ్జ లేని పడమటి తలుపుకి చాలా ఆలోచించి వేయాలి. పెరటి తలుపు, మేడ మీది తలుపు చాలా ఇళ్ళలో ఇలా దిక్కులేకుండా ఎండకీ వానకీ నిలబడి ఉంటాయి. మనం మాత్రం డబ్బంతా సింహద్వారం మీద పెడతాం.

పాత పూత ఏమిటో కూడా తెలియాలి. దూదిని సర్జికల్ స్పిరిట్‌లో తడిపి, తలుపు మూల ఒకచోట అర నిమిషం గట్టిగా రుద్దండి. దూదికి రంగు అంటితే అది నీళ్ళ రంగు. అంటకపోతే ఆయిల్ పెయింట్ అయి ఉండవచ్చు. తర్వాత బ్లేడుతో చిన్న అడ్డగీతలు నిలువుగీతలు గీసి, దాని మీద సెల్లో టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగండి. రంగు పెచ్చులుగా టేపుతో వచ్చేస్తే దాని మీద ఏ ఖరీదైన రంగు వేసినా వృథా. గీకించాల్సిందే.

గీకించే ముందు ఒక జాగ్రత్త. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్స్‌లో, సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకి హాని చేస్తుంది. పాత తలుపుని పొడిగా రుద్దనివ్వకండి. నీళ్ళు చల్లి వాటర్ పేపర్‌తో రుద్దించండి, కింద పట్టా పరిచి ఆ చెత్తంతా మూటగట్టి తీసెయ్యండి. ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి, చిన్న పిల్లలు ఉంటే ఆ రెండు రోజులు వాళ్ళని వేరే ఇంటికి పంపించడం మంచిది. ఇందులో మొహమాటం వద్దు.

ఆయిల్ పెయింటా, వాటర్ బేస్డ్ ఎనామిలా

మనం ఆయిల్ పెయింట్ అని పిలిచేది సింథటిక్ ఎనామిల్. ప్రతి ఊళ్ళోనూ దొరుకుతుంది, ప్రతి మేస్త్రికీ చేయి తిరిగిన పని. మెరుపు బాగుంటుంది, బ్రష్ గీతలు వాటంతటవే సర్దుకుంటాయి, తడిగుడ్డతో తుడిస్తే మురికి పోతుంది. పాత ఆయిల్ పెయింట్ మీద మెరుపు పోయేదాకా రుద్ది మళ్ళీ అదే వేసుకోవచ్చు. మరి లోపమేమిటి? అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ గట్టిపడటం ఎండిన రోజుతో ఆగదు, ఏళ్ళ తరబడి సాగుతుంది. మొదటి ఏడాది గట్టిదనం మంచిదే. నాలుగో ఏడాదికి పెళుసుగా మారుతుంది. చెక్క ఉబ్బి తగ్గినప్పుడల్లా కీళ్ళ దగ్గర వెంట్రుకంత పగులు వస్తుంది, అందులోంచి నీరు దిగుతుంది. తెల్ల రంగయితే వెలుతురు తక్కువున్న చోట పసుపు తిరుగుతుంది కూడా.

వాటర్ బేస్డ్ ఎనామిల్, అంటే నీళ్ళతో పలచన చేసే ఎనామిల్ అయితే సాగుతుంది. ఎండకి రంగు త్వరగా వెలవదు, తెలుపు తెల్లగానే ఉంటుంది. వాసన బాగా తక్కువ, కాబట్టి ఆయాసం ఉన్న పెద్దవాళ్ళున్న ఇంటికి ఇదే నయం. పొద్దున ఒక కోటు, మధ్యాహ్నం ఒక కోటు వేసేయొచ్చు. బ్రష్‌ని సబ్బునీళ్ళతో కడుక్కోవచ్చు. ఒంగోల్లో మా పెరటి తలుపుకి ఇదే వేయించాను. పడమటి ఎండ నేరుగా కొడుతుంది, అయినా పగుళ్ళు రాలేదు.

ఇందులో ఇబ్బందులు లేవని కాదు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా రాత్రి తలుపు మూసి గడియ పెడితే ద్వారబంధానికి అతుక్కుపోతుంది, పొద్దున లాగితే రంగు పెచ్చు ఊడివస్తుంది. మాకు సరిగ్గా ఇదే జరిగింది. అంచులకి, తలుపు ఆనే పట్టీకి టాల్కం పౌడర్ పలచగా రుద్దితే అతుక్కోదని తర్వాత తెలిసింది. ఇంకొకటి, చెక్కలో ఇనుప మేకులుంటే ఈ రంగులోని నీటికి వాటి తలలు తుప్పుపట్టి గోధుమ రంగు చుక్కలు తేలతాయి. ముందుగా ఆ తలల మీద మెటల్ ప్రైమర్ (ఇనుము మీద రంగుకి ముందు వేసే అడుగు పూత) ఒక చుక్క పెట్టాలి.

పాత ఆయిల్ పెయింట్ మీద నేరుగా ఇది పట్టదు. మెరుపంతా చచ్చేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, ఆయిల్ వుడ్ ప్రైమర్ ఒక కోటు వేసి, అది బాగా ఆరాక పైన వాటర్ ఎనామిల్ వేస్తే మా తలుపుకి చక్కగా పట్టింది. పాత పూతని పట్టుకునే గుణం ఆయిల్ ప్రైమర్‌ది, సాగే గుణం పైరంగుది. రెండూ కలిసొస్తాయి.

కాబట్టి ఎవరికి ఏది? ఎండకి నిలబడ్డ తలుపు, లేత రంగు కావాలనుకునే ఇల్లు, కొత్త చెక్క అయితే వాటర్ ఎనామిల్. ఇప్పటికే మూడు నాలుగు పొరల ఆయిల్ పెయింట్ ఉండి గట్టిగా పట్టుకుని ఉన్న పాత తలుపయితే, దాన్ని కదపకుండా మళ్ళీ ఆయిల్ పెయింటే. మేస్త్రికి వాటర్ ఎనామిల్ అలవాటు లేకపోతే బలవంతం చేయకండి. వేడిగాలిలో అది చూస్తుండగానే ఆరిపోతుంది, చేయి తిరగనివాడు రెండోసారి బ్రష్ తిప్పితే గీతలు పడతాయి.

రంగు ఎంపిక గురించి ఒక మాట. డార్క్ బ్రౌన్, మెరూన్ చూడ్డానికి గంభీరంగా ఉంటాయి, కానీ పడమటి తలుపుకి వేస్తే మే నెల మధ్యాహ్నం చేయి ఆనించలేం. ఆ వేడికి చెక్క వంగుతుంది, లోపలి జిగురు పైకి ఊరి పొక్కులొస్తాయి. అదే తలుపుకి లేత గోధుమ రంగో, స్మోక్ గ్రేనో వేస్తే వేడి బాగా తగ్గుతుంది. ముదురు రంగు మీద మోజుంటే తూర్పు తలుపుకి, నీడలో ఉన్న తలుపుకి వేసుకోండి.

ఎంత కొనాలో లెక్క తేలికే. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు తలుపుకి రెండు వైపులా కలిపి 49 చదరపు అడుగులు. ద్వారబంధం కలుపుకుంటే 60, 65 అనుకోండి. మంచి ఎనామిల్ లీటరుకి ఒక కోటు సుమారు 125 నుంచి 150 చదరపు అడుగులు వస్తుంది. రెండు కోట్లకి ఒక లీటరు సరిపోతుంది, ప్రైమర్ అర లీటరు. ఒక్క తలుపుకి నాలుగు లీటర్ల డబ్బా తెమ్మంటే కారణం అడగండి.

చెక్క కనిపించాలంటే

టేకు తలుపు చేయించుకుని దాని మీద రంగు కొట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? నాకూ ఒప్పదు. కానీ ఒక నిజం తెలుసుకుని దిగాలి. రంగులో ఉండే పిగ్మెంటు, అంటే రంగు పొడి, ఎండని చెక్క దాకా పోనివ్వదు. పారదర్శకంగా ఉండే పాలిష్ పోనిస్తుంది. ఎండలోని అతినీల కిరణాలు పాలిష్ గుండా వెళ్ళి చెక్క పైపొరని పొడిపొడిగా చేస్తాయి. పాలిష్ బాగానే ఉన్నా, అది పట్టుకుని ఉండటానికి కింద ఆధారం పోతుంది. అందుకే ఎండలో పాలిష్ ఆయుష్షు రంగు కంటే తక్కువ.

ఇది నెల్లూరులో చెల్లెలి తలుపు మీద కళ్ళారా చూశాను. పడమటి ముఖం, టేకు, అద్దంలా మెరిసే పీయూ (పాలీయురెథేన్) పాలిష్. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా తలుపు దగ్గర నిలబడి ఫోటోలు దిగారు. నాలుగో వేసవికి కింది మూలల్లో ఉల్లిపొరలా లేచింది. గోరుతో పట్టుకుంటే జానెడు పొర ఊడొచ్చింది, కింద చెక్క బూడిద రంగు. దాన్ని అక్కడక్కడా అతికించడం కుదరదు. కొత్త పాలిష్‌కీ పాతదానికీ మధ్య గీత కనిపిస్తుంది. తలుపు దించి, మొత్తం గీకి, పచ్చి చెక్క దాకా రుద్ది, మళ్ళీ మొదటినుంచి. మొదట ఎంతయిందో అంతకంటే ఎక్కువే అయింది.

పీయూ చెడ్డదని నేను అనను. గట్టిది, నీటిని బాగా ఆపుతుంది, తేలిగ్గా గీతలు పడవు. రెండు డబ్బాలు కలిపి వేసే రకం మరీ గట్టిది. నీడలో ఉన్న సింహద్వారానికి, అపార్ట్‌మెంట్ కారిడార్లో ఉన్న తలుపుకి దానికి మించింది లేదు. కొనేటప్పుడు డబ్బా మీద ఎక్స్‌టీరియర్ అని ఉందో లేదో మీ కళ్ళతో చదవండి. ఇంటీరియర్ రకానికి ఎండని తట్టుకునే మందు కలపరు. రెండు డబ్బాల రకంలో హార్డెనర్, అంటే గట్టిపడటానికి కలిపే రెండో డబ్బా ద్రవం, దాని ఆవిరి ఊపిరితిత్తులకి హాని. స్ప్రే చేసే అబ్బాయికి సరైన మాస్కు ఉందా చూడండి. గుడ్డ కట్టుకుంటే చాలదు.

మెలమైన్ పాలిష్ లోపలి ఫర్నిచర్‌కి, బయటికి కాదు. లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ కూడా అంతే, నీటి చుక్క పడి నిలిస్తే తెల్లటి మచ్చ. ఈ రెండూ బయటి తలుపుకి ఎవరు చెప్పినా వద్దనండి.

మామూలు ఎక్స్‌టీరియర్ వార్నిష్ పీయూ అంత గట్టిది కాదు. కానీ నాకు అదే నచ్చుతుంది. ఏడాది, ఏడాదిన్నరకి మెరుపు తగ్గగానే 220 నంబరు పేపర్‌తో తేలిగ్గా రుద్ది ఒక కోటు వేస్తే మళ్ళీ కొత్తదవుతుంది. ముందు చెక్కకి కాస్త టేకు రంగు స్టెయిన్ (చెక్కలోకి ఇంకే పలచటి రంగు) పట్టిస్తే ఇంకా మంచిది. ఆ స్టెయిన్‌లోని పిగ్మెంటు ఎండని కొంత ఆపుతుంది. ఎప్పుడు వేయాలో తెలుసుకోవడానికి నేను చేసే పరీక్ష ఇది. చేత్తో నాలుగు చుక్కల నీళ్ళు తలుపు కింది భాగంలో చల్లుతాను. ముత్యాల్లా నిలబడి జారితే పాలిష్ ఉంది. చుక్క పరుచుకుని, దాని కింద చెక్క ముదురు రంగుకి తిరిగితే పాలిష్ అయిపోయింది, నెలలోపు వేయించాలి. పొర లేచేదాకా ఆగితే గీకుడే.

ఇక నూనె. దర్శిలో మా అత్తగారింటి తలుపు వేప చెక్క, రెండు రెక్కలు, ముందు లోతైన వసారా. మా మావయ్య ఏటా మాఘమాసంలో దానికి అవిసె నూనె పట్టించేవారు, షాపులో డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అంటే ఇస్తారు. పెచ్చులుగా లేవడానికి దానికి పొరే లేదు, చెక్కలోకి ఇంకిపోతుంది. పాతబడితే మళ్ళీ పట్టించడమే, గీకే పని ఉండదు. టర్పెంటైన్ కొంచెం కలిపి పలచగా పట్టించాలి, ఇరవై నిమిషాలాగి మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. తుడవకపోతే నెలలు గడిచినా జిగటగానే ఉండి దుమ్మంతా అంటుకుంటుంది.

"అవిసె నూనె ఎందుకు, ఇంట్లో ఆముదం ఉందిగా" అంటారు కొందరు. ఆముదం, కొబ్బరి నూనె, వేరుశనగ నూనె ఎప్పటికీ ఆరవు. గాలి తగిలి గట్టిపడే గుణం అవిసె నూనెకి ఉంది, వీటికి లేదు. ఆముదం రాసిన తలుపు మీద తర్వాత ఏ రంగూ పట్టదు.

నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుట్టగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, నిజంగా జరుగుతుంది. ఒక్కొక్కటీ విడదీసి బయట దండెం మీద ఆరేయండి, లేదా బకెట్ నీళ్ళలో ముంచెయ్యండి.

ఈ నూనె పద్ధతి సముద్రం దగ్గర పనిచేయదు. కొత్తపట్నంలో ప్రయత్నిస్తే తేమకి బూజు పట్టి తలుపు నల్లబడింది. నూనె మెట్ట ప్రాంతానికి, నీడ ఉన్న తలుపుకి, ఏటా ఒక పూట కేటాయించగల మనిషికి సరిపోతుంది.

ఇనుప తలుపులు, రేకు తలుపులు

గ్రిల్ తలుపు, మేడ మీద ఇనుప తలుపు ఉన్నవాళ్ళు రంగు కంటే కింద చేసే పని మీద డబ్బు పెట్టాలి. తీరంలో ముందుగా మంచినీళ్ళతో కడిగి ఉప్పు వదిలించి, పూర్తిగా ఆరనివ్వాలి. ఉప్పు మీద ప్రైమర్ వేస్తే తుప్పుని లోపల పెట్టి మూసినట్టే. తర్వాత వైర్ బ్రష్, ఎమరీ, ఆ రోజే ప్రైమర్. రెడ్ ఆక్సైడ్ చవక, దర్శి లాంటి చోట చాలు. అది నీటిని పూర్తిగా ఆపదు, కాబట్టి ప్రైమర్ కొట్టి పైరంగు వచ్చే నెల చూద్దామంటే కుదరదు. సముద్రానికి దగ్గరైతే జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ గానీ, రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్ గానీ అడగండి. ఎపాక్సీ ఎండకి సుద్దలా పొడి రాలుతుంది, అందుకని దాని మీద పైరంగు తప్పనిసరి.

బాత్రూంకీ, పశువుల కొట్టానికీ పెట్టే జీఐ రేకు తలుపుకి నేరుగా ఆయిల్ పెయింట్ వేస్తే కొన్నాళ్ళకే పొరలు పొరలుగా ఊడుతుంది. రేకు మీదున్న జింక్‌కీ ఆ రంగులోని నూనెకీ పడదు. ఎచ్ ప్రైమర్ (జింక్ మీద రంగు పట్టేలా చేసే ప్రైమర్) వేసి ఆ తర్వాతే రంగు. లేదంటే రంగు మానేసి అలాగే వదిలెయ్యండి, జింకే దానికి కాపలా.

చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ, ప్లాస్టిక్‌తో చేసే యూపీవీసీ తలుపులకి మామూలుగా రంగు అవసరం లేదు. వాటి గురించి ఇక్కడితో ఆపుతాను.

గడప సంగతి

తలుపు గురించి రాసి గడప వదిలేస్తే మన ఇంటికి సరిపోదు. శుక్రవారం కడిగి పసుపు రాస్తాం, కుంకుమ బొట్లు పెడతాం. అంటే వారానికోసారి ఆ చెక్క తడుస్తుంది, ఆ తడి ద్వారబంధం కాళ్ళలోకి ఎక్కుతుంది. పాలిష్ చేసిన గడప మీద పసుపు పట్టిందంటే చెక్క రేఖల్లోకి దిగుతుంది, ఇక వదలదు. సర్ఫ్ నీళ్ళతో రుద్దితే ఎర్రబడుతుంది, ఎందుకంటే క్షారం తగిలితే పసుపు రంగు ఎరుపుకి తిరుగుతుంది. కంగారు పడి ఇంకా రుద్దకండి. నిమ్మచెక్కతో తుడిస్తే ఆ ఎరుపు మళ్ళీ పసుపుకొస్తుంది. ఎండ తగిలే గడపయితే ఆ పసుపు కూడా కొన్ని రోజుల్లో వెలుస్తుంది.

చాలామంది గడపకి పసుపు రంగు ఆయిల్ పెయింట్ వేయించి, దాని మీద ఎర్ర బొట్లు వేయిస్తారు. చూసి "ఇది పెయింటు పసుపు, అసలు పసుపు కాదు" అని తేలికగా మాట్లాడేవాళ్ళున్నారు. నేను దాన్ని సమర్థిస్తాను. ఆ పెయింటు గడపని నీటినుంచి కాపాడుతుంది. పండగనాడు దాని మీదే అసలు పసుపు రాసుకోవచ్చు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. తలుపుకి ఏది వేసినా గడపకి ఎనామిల్, ఇదే మా నాలుగిళ్ళలోనూ ఇప్పుడున్న పద్ధతి. ద్వారబంధం రెండు కాళ్ళూ నేలని తాకే చోట జానెడు ఎత్తు వరకు అదనంగా ఒక కోటు ప్రైమర్ వేయించండి. చెదలు మొదలయ్యేది కూడా అక్కడే.

సంక్రాంతికా, ఉగాదికా

అందరూ సంక్రాంతికి రంగులు వేయిస్తారు. గోడల మాటేమో గానీ, తలుపులకి అది సరైన సమయం కాదు. డిసెంబర్ దాకా వానల్లో నానిన చెక్క లోపల ఇంకా తడి ఉంటుంది. పైన రంగు వేసి మూసేస్తే, ఎండలు మొదలైనప్పుడు ఆ తడి ఆవిరై రంగుని తోసుకుని పొక్కుల్లా బయటికొస్తుంది. పైగా ధనుర్మాసం మంచు. సాయంత్రం నాలుగింటికి ఆయిల్ పెయింట్ వేస్తే తెల్లారేసరికి మెరుపు చచ్చి మసకబారుతుంది.

ఉగాదికి వేయించండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చెక్క పొడిగా ఉంటుంది, ఎండ ఇంకా మాడ్చదు. ఇంకో లాభం ఉంది. చట్రంలో పలకలు బిగించిన తలుపులో, ఆ మధ్య పలకలు ఎండిపోయినప్పుడు కుంచించుకుని, అంచున రంగు తగలని సన్నటి తెల్లగీత బయటపడుతుంది. వానల తర్వాత వేయిస్తే ఏప్రిల్‌లో ఆ గీత తప్పదు. పొడిగా ఉన్నప్పుడు వేయిస్తే ఆ గీత మీద కూడా రంగు పడుతుంది. ఏప్రిల్ దాటిపోతే పొద్దున్నే గానీ, నాలుగు దాటాక గానీ పని పెట్టించండి. వేడెక్కిన తలుపు మీద ఎనామిల్ పైపొర ముందే ఆరి ముడతలు పడుతుంది.

మేస్త్రితో ముందే మాట్లాడుకోవలసినవి

కూలీ మాట్లాడేటప్పుడే తలుపు బందులు విప్పి దించి వేయాలని చెప్పండి. నిలబెట్టి వేస్తే పై అంచు, కింది అంచు ఎవరూ చూడరు. నేను చెప్పినప్పుడు మా మేస్త్రి, "అడుగు అంచు ఎవరు చూస్తారక్కా, ఎందుకు ఖర్చు?" అన్నాడు. కొత్తపట్నం తలుపు అద్దంలో చూపించాను. ఆ పూట రెండు స్టూళ్ళ మీద తలుపు పడుకోబెట్టి, కుళ్ళిన మేర వడ్రంగి చేత కోయించి, కొత్త పట్టీ వేయించి, ప్రైమర్‌ని అంచులో పీల్చుకున్నంత పట్టించాడు. అడ్డంగా తెగిన చెక్క గొట్టాల కట్టలాంటిది, నీటిని పైకి లాగుతుంది. ముందు వైపు రెండు కోట్లయితే ఆ అంచుకి మూడు పడాలి. ఆ తర్వాత వచ్చిన కార్తీకంలో తలుపు గడపని పట్టలేదు.

లప్పం ఏది వాడతాడో అడగండి. గోడలకి వాడే సిమెంటు పుట్టీ చెక్కకి పనికిరాదు, చెక్క కదిలితే బిళ్ళలా ఊడిపోతుంది. వుడ్ పుట్టీ వాడాలి, లేదా చాక్ పౌడర్‌ని ప్రైమర్‌లో కలిపి చేసుకోవాలి. ఆయిల్ పెయింట్‌ని పలచన చేయడానికి టర్పెంటైన్ తప్ప కిరోసిన్ కలపనివ్వకండి. కిరోసిన్ కలిస్తే ఆరడం ఆలస్యమవుతుంది, మెరుపు నిలవదు. బందులు ఎలాగూ విప్పారు కాబట్టి తీరం ఇళ్ళవాళ్ళు స్క్రూలు ఇత్తడివి గానీ స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వేయించుకోండి. తోరణం మేకులు కూడా.

మూడు రోజుల పనిని ఒక్క రోజులో చేస్తానంటే ఒప్పుకోవద్దు. ఆయిల్ ప్రైమర్ ఒక రాత్రి ఆరాలి, లప్పం ఆరి రుద్దాలి, మొదటి కోటు మరో రాత్రి ఆరాలి. రాత్రిపూట తలుపు లేకుండా ఎలా అని టెన్షన్ పడేవాళ్ళు, సాయంత్రానికి పొడిగా ఉండేట్టు లోపలి వైపు ఒక రోజు, బయటి వైపు ఒక రోజు వేయించుకుని రాత్రికి బిగించుకోవచ్చు. గ్రిల్ తలుపు ఉంటే ఆ ఇబ్బందీ లేదు.

చివర్లో డబ్బాలో మిగిలిన రంగు పారేయనివ్వకండి. చిన్న గాజు సీసాలో అంచు దాకా నింపి మూత బిగించండి, లోపల గాలి ఉంటే పైన మీగడలా తోలు కడుతుంది. సీసా మీద ఏ తలుపు, షేడ్ నంబరు, ఏ నెల అని రాసి నీడలో పెట్టుకోండి. వేసవిలో గీత పడ్డచోట, గడియ రాసుకున్నచోట, కింది అంచు తేలినచోట పాత టూత్ బ్రష్‌తోనో చిన్న బ్రష్‌తోనో మనమే అద్దుకోవచ్చు. మా అమ్మ వయసు డెబ్బై దాటింది, ఆ పని ఆవిడే చేసుకుంటోంది.